గంగాధరరావు గారి గుసగుస

గంగాధరరావు గారికి ఉపన్యాసాలంటే ప్రాణం. వినడమే సుమా, ఇవ్వడం కాదు. ఇవ్వడం ఆయన జన్మలో ఒక్కసారే జరిగింది. పోర్టులో రిటైరైన రోజున మెళ్ళో దండేసి, చేతికి మైకిచ్చి, "రెండు మాటలు చెప్పండి సార్" అన్నారు. ఆయన లేచారు. "నమస్కారం" అన్నారు. మోకాళ్ళు రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోవడం మొదలెట్టేసరికి కూర్చున్నారు. రెండు మాటలడిగితే ఒకదాంతో సరిపెట్టిన పొదుపరి అని సెక్షన్‌లో వాళ్ళు చాన్నాళ్ళు చెప్పుకున్నారు.

వినడంలో మాత్రం ఆయనకు సాటి లేదు. పోర్టు గేటు ముందు యూనియన్ మీటింగ్ అంటే మిగతావాళ్ళు ఏం ఒరుగుతుందో వినడానికి వెళ్ళేవారు, ఈయన ఎలా మాట్లాడతారో చూడడానికి వెళ్ళేవారు. ఎర్ర జెండా, పచ్చ జెండా తేడా లేదు. ఎవరు బాగా మాట్లాడితే వాళ్ళకి చప్పట్లు కొట్టి, ఆనక ఇద్దరిచేతా తిట్లు తిని, అదే కులాసాగా ఇంటికొచ్చేవారు.

అన్నేళ్ళు విని విని ఆయన ఒక సిద్ధాంతం తయారుచేసుకున్నారు. మనిషిని ఒప్పించడానికి ఉన్న సరుకంతా మూడే రకాలట. మొదటిది ముఖం, అంటే "నేనెవర్నో తెలుసుగా, నా మాట నమ్మండి" అనడం. రెండోది లెక్క, అంటే వింటున్నవాడి బుర్రకి పని చెప్పడం. మూడోది గుండె, వాడి కళ్ళు తడపడం. "పులుసులో ఉప్పూ కారం చింతపండూ లాగానోయ్" అనేవారు దొరికినవాణ్ణి దొరికినట్టు కూర్చోబెట్టి, "ఏది ఎక్కువైనా నోట పెట్టలేం." పురోహితుడైనా, పెళ్ళిలో వధూవరుల్ని దీవించే పెద్దమనిషైనా, బేరం కుదర్చుకునే ఆటోవాడైనా ఈ తూకానికి రావలసిందే.

ఇందులో చిన్న ఇబ్బంది ఉంది. పనితనం కనపడితే మనిషి కరిగిపోతారు. ఒకసారి వన్ టౌన్‌లో రైసు కుక్కరు కొనడానికి వెళ్ళి, షాపువాడు చనిపోయిన వాళ్ళమ్మని తలుచుకుని మరీ చెప్పిన తీరుకి ముచ్చటపడి, కుక్కరుతో పాటు ఇడ్లీ పాత్ర, గారెల మిషను, ఎందుకు పనికొస్తుందో ఇప్పటికీ తెలియని ఇంకో స్టీలు సామాను కొనుక్కొచ్చారు. "గుండె ఎక్కడ వాడాలో వాడికి తెలుసు రవణా" అన్నారు భార్యతో. వెంకటరమణమ్మ గారు ఆ స్టీలు సామాన్ని అటక మీద పెట్టేశారు.

రెండో ఇబ్బంది ఇంకొంచెం పెద్దది. అది ఆయనకొక్కరికే తెలియదు.

ఆయన ఉద్యోగమంతా ఇనుప ఖనిజం మోసే బెల్టుల పక్కన గడిచింది. ఆ మోతలో పక్కవాడికి "టీ తాగుదామా" అని చెప్పాలన్నా కేకేసి చెప్పాలి. కేక వేసీ వేసీ ఆయనకి అదే మామూలు గొంతైపోయింది. మామూలు గొంతు గుసగుస అయిపోయింది. చెవిలో రహస్యం చెబుతున్నానని ఆయన అనుకున్నప్పుడు, ఆ రహస్యం మూడో అంతస్తు నుంచి గేటు దాకా వెళ్ళి వాచ్‌మన్‌ని పలకరించి వచ్చేది. ఒక పెళ్ళిలో పంక్తిలో కూర్చుని "పప్పులో ఉప్పు మర్చిపోయారే" అని భార్య చెవిలో అన్నారు. వంటాయన గాడిపొయ్యి దగ్గర్నుంచి ఉప్పు గిన్నెతో పరిగెత్తుకొచ్చాడు. "చూశావా, మన మనసు కనిపెట్టాడు!" అని గంగాధరరావు గారు మురిసిపోయారు.

ఎవరూ ఆయనకి చెప్పలేదు. అపార్ట్‌మెంటులో చెప్పేవాళ్ళు లేక కాదు, వాళ్ళకది ఖర్చులేని కాలక్షేపం. చెప్పవలసిన ఆవిడ ఎందుకు చెప్పలేదో తర్వాత తెలుస్తుంది.

గోదావరి జిల్లా నుంచి ఉద్యోగం కోసం వచ్చిన ఈ దంపతులు పెదవాల్తేరులో సాగరదీపం అపార్ట్‌మెంటులో ఉంటున్నారు. కిందికి దిగి నాలుగు సందులు తిరిగితే జాలరిపేట. అక్కణ్ణుంచి రోజూ ముసలమ్మ వస్తుంది. పేరే ముసలమ్మ, మనిషి ముసలిది కాదు, కాళ్ళలో చక్రాలున్న మనిషి. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి, వేలంపాటలో సరుకు పాడుకుని, తోటి ఆడవాళ్ళతో ఆటో ఎక్కి, ఎండ ముదరకముందే సాగరదీపం గేటు పక్కన కానుగ చెట్టు నీడలో తట్ట దించుతుంది. అపార్ట్‌మెంటు కట్టకముందు అక్కడ పెంకుటిల్లుండేది. అప్పుడూ ఆ నీడలోనే కూర్చునేది. అమ్మకం అయ్యాక పొలుసు, చెత్త ఏరుకుని, బకెట్టు నీళ్ళతో కడిగి మరీ వెళ్తుంది.

తట్ట దించగానే ఎవరికి పడితే వాళ్ళకి అమ్మదు. వెంకటరమణమ్మ గారి చేతి బోణీ అయితేగాని రెండో మనిషికి చేప చూపించదు. "అమ్మగోరి సెయ్యి సల్లని సెయ్యి" అంటుంది. ఏ కారణంచేతనైనా ఆవిడ కిందికి రావడం ఆలస్యమైతే తట్ట మీద గోనె కప్పి కూర్చుంటుంది. తక్కిన ఆడవాళ్ళు సణుక్కుంటూ నిలబడాల్సిందే. ఇన్నేళ్ళలో ఇద్దరూ బేరమాడుకున్న మాటలకంటే కష్టం సుఖం చెప్పుకున్న మాటలే ఎక్కువ.

అలాంటి ముసలమ్మ ఒక బుధవారం పొద్దున బోణీ అయ్యాక కూడా తట్టలో చేపలు సర్దలేదు. చందువ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

"అమ్మా, నన్ను ఈ గేటుకాడ నుండి తీసీస్తారట. ఆదివారం మీటింగెట్టి సెయ్యెత్తిస్తారట. కొత్త సెక్రటరీ బాబు సెప్పినాడు. ఇక్కడ కాపోతే నాను యెక్కడికెల్తాను? రోడ్డు మీద కూకుంటే మునిసిపాలిటీ వోల్లు తట్ట లాగీస్తారు. నా యిల్లంతా ఈ తట్ట మీదే కదమ్మా నడస్తంది."

వెంకటరమణమ్మ గారు వెనక్కి తిరిగి చూశారు. గంగాధరరావు గారు సంచి పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఈయన మాట్లాడతారు లేవే" అన్నారావిడ. "మాటల సంగతి ఈయనకి తెలిసినంత ఎవరికి తెలుసు?"

ముసలమ్మ కళ్ళెత్తి ఆయన్ని చూసింది. ఆ చూపుకి ఆయన గుండె కరిగింది, మోకాళ్ళు మాత్రం మైకుని తలుచుకున్నాయి. "ఆఁ... అలాగే, చూద్దాం" అన్నారు. అంతమాత్రానికే ముసలమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆయన ఆ దణ్ణాన్ని భరించలేక గబగబా లిఫ్టెక్కేశారు.

ఆ సాయంత్రమే అపార్ట్‌మెంటు కొత్త సెక్రటరీ ఉమాశంకర్ గంగాధరరావు గారింటి బెల్లు కొట్టాడు. కృష్ణా జిల్లా కుర్రాడు. ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో కంపెనీలో పాతికమందిని నడిపిస్తుంటాడు. తండ్రి వీరన్న గారిని ఊరినుంచి తెచ్చి దగ్గర పెట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు. చెడిపోయిన లిఫ్టు బాగుచేయించాడు, ఎండాకాలం నీళ్ళ ట్యాంకరు తెప్పించాడు. అన్నీ శుభ్రంగా, వరసగా ఉండాలంటాడు, ఆ వరసలో చేపల తట్టకి చోటు దొరకలేదు, అంతే.

"అంకుల్, మీరు స్పీచెస్‌లో ఎక్స్‌పర్ట్ అని అందరూ చెప్పారు. ఆదివారానికి నేనొక చిన్న స్పీచ్ రాసుకున్నాను. ఒక్కసారి చూసి పెడతారా?"

గంగాధరరావు గారు చూడనని చెప్పాల్సింది. పొద్దున్న దణ్ణం పెట్టిన చేతులు గుర్తొచ్చాయి కూడా. కానీ జన్మలో మొదటిసారి ఒక మనిషి కాగితం పట్టుకుని ఆయన విద్య వెతుక్కుంటూ వచ్చాడు. వైద్యుడన్నవాడు పగవాడికైనా నాడి చూడాలి కదా అని మనసుకి సర్దిచెప్పుకుని, కళ్ళజోడు పెట్టుకున్నారు. చదివారు. ఆ కాగితం మీద జాలేసింది.

"ఏంటండీ ఇది, అంతా లెక్కే! ఈగలు, దోమలు, ఫ్లాటు రేట్లు. ముందు ముఖం ఏది?" అని గొంతు బాగా తగ్గించారు. వంటింట్లో భార్య వింటే ప్రమాదం. "ముందు లిఫ్టు సంగతి చెప్పండి. మీరు చేసిన మంచి తలుచుకుంటే జనం మెత్తబడతారు. ఆ తర్వాత మీ ఈగలు. ఈ 'ఒక అధ్యయనం ప్రకారం' అన్నారే, ఏ అధ్యయనం?"

"ఏమో అంకుల్, ఎక్కడో చూసినట్టు గుర్తు. ఎవరడుగుతారు?"

"నిజమే, ఎవరూ అడగరు, ఉంచండి. ఇప్పుడు గుండె కావాలి. మీ ఇంట్లో పెద్దవాళ్ళున్నారుగా?"

"నాన్న ఉన్నారు."

"ఆయనకి చేపల వాసన పడదా?"

"తెలీదంకుల్, ఎప్పుడూ అడగలేదు. పొద్దున్నే దగ్గుతూ లేస్తారు మరి."

"అడక్కండి! ఆ దగ్గు చాలు. దానికి ముందు నీళ్ళ గ్లాసందుకోండి. దాహం వేసి కాదు, జనం మీకోసం కాసుకోవాలి. ఒక గుక్క తాగి, గ్లాసు దించి, అప్పుడు 'మా నాన్నగారు...' అని ఆగండి."

ఉమాశంకర్ కళ్ళు మెరిశాయి. గంగాధరరావు గారి కళ్ళు అంతకంటే మెరిశాయి. వంటింట్లో మిక్సీ ఎప్పుడాగిపోయిందో ఇద్దరూ గమనించలేదు.

మర్నాడు పొద్దున ముసలమ్మ మంచి వంజరం ముక్క తీసి వాళ్ళ సంచిలో వేసింది. "బాబు మాటాడతాడు కదా" అంది, నవ్వుతూనే. ఆ వంజరం పులుసు గంగాధరరావు గారికి గొంతు దిగలేదు. ముల్లు కూడా లేని చేప అది. భార్యకి నిజం చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ మజ్జిగ అడిగారు.

ఆదివారం వచ్చింది. సెల్లారులో కార్లు బయటికి తీసి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అద్దె మైకు కుయ్యిమంటోంది. గంగాధరరావు గారు మెల్లిగా చివరి వరసకి నడిచారు, అక్కడ కూర్చుంటే తనని ఎవరూ లేచి మాట్లాడమనరని.

"అక్కడెందుకండీ? ఇలా మధ్యలో, ఫ్యాన్ కింద కూర్చుందాం" అన్నారు వెంకటరమణమ్మ గారు. ఆయన తటపటాయించారు. ఆవిడ ఇంకో మాట అన్నారు. "వెనక్కెళితే ఆ అబ్బాయి చేతులు కనపడవు. మాట్లాడేవాడి చేతులు చూడాలని మీరేగా అంటారు."

అది నిజమే. ఆయన వచ్చి మధ్యలో కూర్చున్నారు.

గేటు దగ్గర ముసలమ్మ ఖాళీ తట్ట చంకలో పెట్టుకుని నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు. ముందు వరసలో వీరన్న గారు చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నారు.

ఉమాశంకర్ లేచాడు. లిఫ్టుతో మొదలెట్టాడు. లిఫ్టు పాడై మెట్లెక్కిన రోజులు, ట్యాంకరు కోసం బిందెలు పట్టుకున్న రోజులు, ఒక్కొక్కటే తలుచుకున్నాడు. జనం తలలూపారు.

"బాగా మొదలెట్టాడు కదండీ?" అన్నారు వెంకటరమణమ్మ గారు మెల్లిగా.

ఒక కళాకారుణ్ణి ఇంతకంటే రెచ్చగొట్టే మాట ఇంకొకటి లేదు. గంగాధరరావు గారు భార్య చెవి దగ్గరికి వంగి, ఆయన లెక్కలో గుసగుసగా, "ముఖం! ముందు చేసిన మేలు చెప్పి మెత్తబరచమన్నాను. ఆ లిఫ్టు ముక్క నేనే పెట్టించాను" అన్నారు.

సెల్లారుకి ఒక మూలనుంచి ఇంకో మూలకి కుర్చీలు కిర్రుమన్నాయి. ఉమాశంకర్ ఒక్క క్షణం ఆగి, కాగితం సర్దుకుని, ఈగల దగ్గరికొచ్చాడు. "ఒక అధ్యయనం ప్రకారం..."

"ఏ అధ్యయనమండీ అది?" వెంకటరమణమ్మ గారు అమాయకంగా అడిగారు.

"అలాంటిదేం లేదు. నేనూ అడిగాను. ఎవరడుగుతారన్నాడు. నిజమే కదా, ఎవరడుగుతారు?"

"నానడుగుతాను!" మొదటి అంతస్తు మంగాయమ్మ చెయ్యెత్తింది. ఆవిడ ఇక్కడి మనిషే, దేనికీ మొహమాటపడదు. "ఏటి బాబూ ఆ అద్దెయనం? ఏ ఊర్లో సేసినారు?"

నవ్వులు. "అది... తర్వాత షేర్ చేస్తానండీ" అన్నాడు ఉమాశంకర్, చెవులు ఎర్రబడుతుంటే. ఈ మంగాయమ్మ ఇంత తెలివైందని తెలియదే అని గంగాధరరావు గారు ఆశ్చర్యపోయారు.

"ఇప్పుడేం చేస్తాడండీ?"

"ఇప్పుడు గుండె. చూస్తూ ఉండు, నీళ్ళ గ్లాసందుకుంటాడు. దాహం కాదు, మనల్ని ఊరించడానికి."

అప్పటికే గ్లాసు వైపు వెళ్ళిన ఉమాశంకర్ చెయ్యి గాల్లో ఆగిపోయింది. ముందుకీ పోలేదు, వెనక్కీ రాలేదు. కాసేపటికి ఆ చేత్తో జుట్టు సవరించుకున్నాడు.

"అరెరె, తీసుకోడేం! మర్చిపోయినట్టున్నాడు" అని గంగాధరరావు గారు నిజంగానే బాధపడ్డారు.

ఈసారి నవ్వు ఆగలేదు. వెనక వరసలో ఎవరో కుర్చీలోంచి జారిపోయారు. ఉమాశంకర్‌కి ఇంక మిగిలింది ఒక్కటే. గొంతు వణికింది, అది ఎవరూ నేర్పిన వణుకు కాదు. "మా నాన్నగారు..." అన్నాడు.

"అదీ! అక్కడే ఆగమన్నాను" అన్నారు గంగాధరరావు గారు, కళ్ళు అరమూసుకుని. "పొద్దున్నే లేచే దగ్గు. అది చేపల వాసనకేనా అంటే, తెలీదు, అడగలేదన్నాడు. అడక్కండి అన్నాను. అడిగితే పట్టు పోతుంది."

ఎవరూ నవ్వలేదు. మైకు కుయ్యిమనడం ఒక్కటే వినిపించింది.

ముందు వరసలో వీరన్న గారు కర్ర ఊతంతో మెల్లిగా లేచారు. కొడుకువైపు కాదు, అందరివైపూ తిరిగారు.

"నాకు వాసన తెలియక చాలా కాలమైంది బాబూ. ఆ మధ్య జ్వరమొచ్చినప్పుడు పోయింది, మళ్ళీ రాలేదు. చేపో, సంపెంగో, నాకు ఒకటే." ఆయన దగ్గారు. అందరూ ఆ దగ్గు అయ్యేదాకా ఆగారు. "పొద్దున్నే దగ్గొచ్చి లేచేమాట నిజం. మావాడు రాత్రంతా పనిచేసి పడుకుంటాడు, లేపబుద్ధెయ్యదు. కిందికి దిగితే ఆ కానుగ చెట్టు కింద ముసలమ్మ ఉంటుంది. సముద్రం ఎలా ఉంది, వేటకెళ్ళిన మొగుడొచ్చాడా, నిన్న దగ్గు తగ్గిందా, ఇవీ మా మాటలు. పొద్దుటిపూట నాతో మాట్లాడేది ఆ అమ్మాయొక్కతే. నన్నడిగుంటే చెప్పేవాణ్ణి."

కూర్చున్నారు. ఉమాశంకర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తండ్రి తలవైపు చూస్తూ నిలబడిపోయాడు.

అప్పుడు గంగాధరరావు గారు కళ్ళు పూర్తిగా తెరిచారు. మైకు ముందు ఎవరూ మాట్లాడటంలేదు, అయినా ఒక్క ముఖమూ మైకువైపు లేదు. అన్నీ ఆయనవైపే ఉన్నాయి. మంగాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. ఆయన భార్యవైపు చూశారు. ఆవిడ సెల్లారు స్తంభాన్ని శ్రద్ధగా చూస్తున్నారు. పప్పులో ఉప్పు, గిన్నె పట్టుకుని పరిగెత్తుకొచ్చిన వంటాయన, ఇన్నేళ్ళ కాకతాళీయాలన్నీ ఒక్కసారిగా ఆయన కళ్ళముందు వరసకట్టి నిలబడ్డాయి.

పారిపోదామనుకున్నారు. కానీ గేటు దగ్గర ముసలమ్మ ఖాళీ తట్టని బిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని ఇటే చూస్తోంది. ఆయన కుర్చీ వీపు పట్టుకుని లేచారు.

"నమస్కారం" అన్నారు.

పాపం, ఇంతేనేమో అనుకున్నారంతా. రెండో మాట వచ్చింది.

"ఆ అబ్బాయిని ఏమీ అనకండి. అందులో తప్పుడు సరుకంతా నాది. ముసలమ్మ తరఫున మాట్లాడతానని మాటిచ్చి, సరదాకొద్దీ అవతలి కత్తికి సాన పట్టాను. నాకు సిగ్గుగా ఉంది. దయచేసి దీనికి చెయ్యెత్తకండి."

ముఖం లేదు, ఉన్న కాస్తా ఆయనే పోగొట్టుకున్నారు. లెక్క అసలే లేదు. కూర్చునేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఉమాశంకర్ మైకు దగ్గరికొచ్చి, "ఎవరైనా సరేనంటారా?" అని అడగాలి కాబట్టి అడిగాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. "అయితే లేదు" అని మైకు కట్టేసి, వెళ్ళి తండ్రి పక్కన కుర్చీలో కూర్చున్నాడు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ వినపడలేదు. వాళ్ళది మామూలు గొంతు.

ఇంటికొచ్చాక గంగాధరరావు గారు సోఫాలో కూలబడ్డారు.

"రవణా, నా గుసగుస అందరికీ వినపడుతుందా?"

"వినపడుతుందండీ."

"ఎప్పట్నుంచీ?"

"పెళ్ళిపీటల మీద నా చెవిలో 'పిల్ల బావుంది' అన్నారు చూడండి, అప్పట్నుంచీ. అప్పటికే మీరు పోర్టులో చేరారు. పందిరంతా గొల్లుమంది. వాళ్ళు తలంబ్రాలకి నవ్వారని మీరనుకున్నారు."

ఆయన తల పట్టుకున్నారు. "ఇన్నేళ్ళూ ఒక్కసారి చెప్పకూడదూ!"

"చెబితే మానేస్తారని భయం." వెంకటరమణమ్మ గారు ఆయన పక్కన కూర్చున్నారు. "లోకంలో మగాళ్ళంతా పెళ్ళాల్ని చాటుగా మెచ్చుకుంటారు, లేకపోతే అదీ లేదు. నన్ను మెచ్చుకుంటే మూడు అంతస్తులకి వినపడుతుంది. అది పోగొట్టుకోమంటారా?"

గంగాధరరావు గారికి ఇంకోటి తట్టింది. "ఫ్యాన్ కింద కూర్చుందామన్నావు. ఆ ఫ్యాను తిరగనే లేదు."

"తిరగదు. వైరు పోయి చాన్నాళ్ళయింది."

"అంటే బుధవారం నేను ఆ అబ్బాయికి..."

"మిక్సీ ఆపి మరీ విన్నాను."

ఆయన మూడు రకాల సరుకూ తిరగేసి చూసుకున్నారు. పోర్టు గేటు ముందు పెద్ద పెద్ద గొంతులని తూచిన మనిషి, తన పక్క కుర్చీలోంచి వచ్చిన మూడు చిన్న ప్రశ్నలని తూచలేకపోయారు. "నామీద ఏం వాడావు చెప్పు. ముఖమా, లెక్కా, గుండెనా?"

"అవన్నీ నాకేం తెలుసండీ. మీ సరదా తెలుసు" అని ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళారు.

మర్నాడు పొద్దున ఆయనొక్కరే సంచి పట్టుకుని కిందికి దిగారు. కానుగ చెట్టు కింద తట్ట మీద గోనె కప్పే ఉంది. పక్కన స్టూలు మీద వీరన్న గారు, ఆయన పక్కన నిద్రకళ్ళతో కాఫీ గ్లాసుతో ఉమాశంకర్. గంగాధరరావు గారిని చూసి ఆ కుర్రాడు కొంచెం బిగుసుకుని, కొంచెం నవ్వి, పక్కకి జరిగాడు.

"అమ్మగోరు రానేదా?" అంది ముసలమ్మ.

"నన్ను పంపింది. ఇవాళ బోణీ నా చేత్తో చెయ్యమంది. నా చెయ్యి చల్లనిదో కాదో మరి."

ముసలమ్మ గోనె తీసింది. గంగాధరరావు గారు చేపలవైపు చూడలేదు. "నేను ఆ అబ్బాయికి నేర్పిన సంగతి నిన్న విన్నావుగా ముసలమ్మా."

"నిన్నేటి బాబూ? బుదారమే యిన్నాను. బాకీ డబ్బులికి ఒచ్చి ఈ సెట్టు కిందే ఉన్నాను కదా. పైనుండి మీరు సెప్తంటే అంతా యినపడింది." ఆమె పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. "ఎంత బాగా సెప్పినారు బాబూ! ఆ ముసలాయన దగ్గు కాడికి ఒచ్చేసరికి నాకే అనిపించింది, ఈ ముసలమ్మని ఇక్కడినుండి తీసీయాల్సిందే అని."

"విని కూడా మర్నాడు నాకు వంజరం ఇచ్చావా?"

"అమ్మగోరు సెప్పినారు, ఆదివారం దాకా ఓపిక పట్టు, ఆయన సేతే సరిసేయిస్తాను అని. అయినా బాబూ, మీరు సెడ్డ మాట సెప్పినారని మంచి సేప యివ్వడం మానీమంటే ఎలాగ? సేపకేటి తెలుసు?"

గంగాధరరావు గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోవడానికి తట్ట మీదకి వంగారు. ఇంక చెప్పవలసింది ఒక్కటే ఉంది, అది అందరిముందూ చెప్పగల మనిషి కాదు ఆయన. అందుకని ముసలమ్మ చెవి దగ్గరికి వంగి, గొంతు వీలైనంత తగ్గించి, తగ్గించానని గట్టిగా నమ్మి, "తప్పయిపోయింది ముసలమ్మా, నన్ను క్షమించు" అన్నారు.

కానుగ చెట్టు మీద కాకులు లేచాయి. పక్కనే వీరన్న గారు కర్ర మీద గడ్డం ఆనించుకుని నవ్వుకున్నారు. మొదటి అంతస్తు బాల్కనీలోకి మంగాయమ్మ, రెండో అంతస్తులోకి తడి తువ్వాళ్ళతో ఇంకెవరో వచ్చారు. మూడో అంతస్తులో వెంకటరమణమ్మ గారు కటకటాలు పట్టుకుని కిందికి వంగి చూస్తున్నారు.

"చెప్పేశారుగా, ఇంక చేప తీసుకుని రండి" అన్నారు పైనుంచి. "చింతపండు నానబెట్టాను."

ముసలమ్మ చందువ తీసి ఆయన సంచిలో వేసి, ఆయన ఇచ్చిన నోటు కళ్ళకద్దుకుని, రెండో మనిషిని పిలిచింది.